మంచానికి బీమా, మాత్రకు లేదు

ముసలివాళ్ల వైద్యం సంగతి ప్రభుత్వాలు చూసుకుంటున్నాయి, ఇక బెంగపడాల్సింది లేదు అన్న అభిప్రాయం ఈ మధ్య బాగా పాతుకుపోయింది. కార్డుంది, నెట్‌వర్క్ ఆస్పత్రి ఉంది, ఏడాదికి లక్షల్లో బీమా ఉంది, ఇంకేం కావాలి అంటున్నారు. మంత్రులూ ఎమ్మెల్యేలూ అంటే సరే, పథకం వాళ్లది. చదువుకున్నవాళ్లు, పత్రికల్లో రాసేవాళ్లు, అమ్మానాన్నల మందుల బిల్లు నెలనెలా సొంత జేబులోంచి కడుతున్న కొడుకులూ కూతుళ్లూ కూడా ఇదే మాట అంటున్నారు. ఇంకా ఎక్కడైనా ఇబ్బంది ఉంటే అది పెద్దవాళ్లకు అవగాహన లేకపోవడం వల్లేనని, కార్డు ఎలా తీసుకోవాలో చెప్తే సరిపోతుందని కూడా అంటున్నారు. ఈ వాదన తప్పు. ముసలితనంలో డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో చూడకుండా చేస్తున్న వాదన ఇది.

కార్డుల విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, గుండె ఆపరేషనంటే ఉన్న ఎకరం అమ్ముకోవడమే అనుకునే కుటుంబాలకు అది పెద్ద అండ అయింది. ఆ పథకం పేర్లు మారాయి, పరిమితులు పెరిగాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో దాన్ని రూ.10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో రూ.25 లక్షల దాకా వెళ్లింది. కేంద్రం 2018లో ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఏడాదికి రూ.5 లక్షల దాకా వైద్యం అందించే వయ వందన కార్డు వచ్చింది. కుటుంబానికి ముందే ఆయుష్మాన్ కార్డు ఉంటే, ఇంట్లోని పెద్దవాళ్ల కోసం మరో రూ.5 లక్షలు విడిగా ఉంటాయి. ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు, ఈఎస్ఐ కింద ఉన్నవాళ్లు కూడా తీసుకోవచ్చు. ఇంట్లో ఆ వయసువాళ్లుంటే ఆధార్ పట్టుకెళ్లి నమోదు చేయించండి. అనుమానాలుంటే 14555కి ఫోన్ చేయండి. ఇది అవసరమైన పనే, వాయిదా వేయకండి.

కానీ ఆ కార్డు దేనికి డబ్బిస్తుంది? ఆస్పత్రిలో చేరితే ఇస్తుంది. చేరడానికి 3 రోజుల ముందు అయిన ఖర్చు, డిశ్చార్జి అయ్యాక 15 రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. పదహారో రోజు పొద్దున వేసుకోవాల్సిన మాత్ర మాత్రం మీదే. గుండెకు స్టెంట్ వేసిన మనిషికి రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మందులు నెలల తరబడి, ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర సాధారణంగా జీవితాంతం అవసరం. స్టెంట్‌కు బీమా ఉంది, ఆ స్టెంట్ మూసుకుపోకుండా కాపాడే మాత్రకు లేదు. కంటి శుక్లం ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉంది, నీటికాసులు వచ్చినవాళ్లు చూపు పోకుండా రోజూ వేసుకోవాల్సిన చుక్కల మందుకు లేదు. ఆరోగ్యశ్రీలో కొన్ని శస్త్రచికిత్సల తర్వాత ఏడాదిపాటు ఫాలోఅప్ మందులు ఇచ్చే ఏర్పాటు ఉన్న మాట నిజమే. అదీ ఆపరేషన్ అయినవాళ్లకే. ఆపరేషన్ దాకా రాకూడదని ఇరవై ఏళ్లుగా బీపీ బిళ్ల వేసుకుంటున్న మనిషికి ఆ ఏర్పాటుతో పనిలేదు.

ముసలితనపు జబ్బులు ఎలాంటివో కేంద్ర ప్రభుత్వానికి తెలియక కాదు. 2017-18లో దేశమంతా పెద్దవాళ్ల ఆరోగ్యం మీద చేసిన లాసీ సర్వే ఫలితాలను 2021లో ఆరోగ్యశాఖే విడుదల చేసింది. పెద్దవాళ్లలో 75 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉందని అందులో తేలింది. బీపీ, షుగర్, గుండె, ఆయాసం, కీళ్లవాతం, థైరాయిడ్ లాంటి వాటితో మనిషి ఆస్పత్రి మంచం మీద గడిపేది ఏడాదిలో నాలుగు రోజులైతే, ఇంట్లో మాత్రలు మింగేది మిగతా రోజులన్నీ. మన బీమా ఆ నాలుగు రోజుల చుట్టూ కట్టింది. మిగతా ఏడాదిని ఇంటికి వదిలేసింది.

సాయంత్రం ఆరు గంటలప్పుడు ఏ మండల కేంద్రంలోనైనా మెడికల్ షాపు పక్కన కాసేపు నిలబడి చూడండి. డెబ్బై దాటిన ఒకావిడ కొంగు ముడి విప్పి, మడతల దగ్గర చిరిగిపోయిన చీటీ తీస్తుంది. అందులో ఆరు రకాల మందులు. కుర్రాడు ఒక్కొక్కటే తీసి కౌంటర్ మీద పెట్టి, నెలకు ఇంతవుతుందమ్మా అని చెప్తాడు. ఆవిడ చేతిలో నోట్లు చూసుకుని, "షుగరువి పది చాలు బాబూ, బీపీవి ఓ ఐదియ్యి, గుండెవి మళ్లీ వారం తీసుకుంటాలే" అంటుంది. అతను కత్తెరతో స్ట్రిప్ కోస్తాడు. గడువు తేదీ ఉన్న ముక్క డబ్బాలోనే ఉండిపోతుంది, తేదీ లేని ఐదు బిళ్లలు ఆవిడతో ఇంటికి వెళ్తాయి. అవి ఐదు రోజులకే సరిపోవాలి. రోజు విడిచి రోజు వేసుకుంటే పది రోజులు వస్తాయి, ఆవిడ చేసేది అదే. బీపీ పెరిగితే నొప్పి పుట్టదు కనుక, వేసుకోకపోయినా బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఆవిడ సంచీలో ఐదు లక్షల కార్డు ఉండొచ్చు. ఆ కౌంటర్ దగ్గర దానితో ఒక్క బిళ్ల కూడా రాదు.

దీనికి ఆర్థికశాస్త్రం తెలిసినవాళ్లు చెప్పే జవాబొకటి ఉంది, దాన్ని గౌరవంగానే తీసుకుంటాను. బీమా అనేది అనుకోకుండా మీద పడే పెద్ద ఖర్చుకోసం, నెలనెలా ఉండే చిన్న ఖర్చు ఇంటి బడ్జెట్‌లోనే సర్దుకోవాలి అంటారు. ఉద్యోగం చేసుకుంటున్న నలభై ఏళ్ల మనిషి విషయంలో ఇది సరైనదే కావచ్చు. ముసలివాళ్ల విషయంలో చిన్న ఖర్చు, పెద్ద ఖర్చు అన్న తేడా నిలబడదు. ఉదాహరణకు భార్యాభర్తలిద్దరి మందులు కలిపి నెలకు రూ.1,500 అనుకుందాం. చాలా ఇళ్లలో ఇంతకంటే ఎక్కువే అవుతుంది. ఏడాదికి రూ.18,000, పదేళ్లకు రూ.1,80,000. పైగా ఇది ఎప్పటికైనా తీరిపోయే అప్పులాంటిది కాదు, ప్రాణం ఉన్నన్నాళ్లూ ఉంటుంది, వయసుతో పెరుగుతుంది. ఆదాయం వైపు చూస్తే తెలంగాణలో ఆసరా పేరుతో మొదలైన వృద్ధాప్య పింఛను రూ.2,016. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి రూ.4,000. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను కింద 80 ఏళ్లలోపు వాళ్లకు కేంద్రం ఇచ్చే వాటా 2007 నుంచీ నెలకు రూ.200 దగ్గరే ఆగిపోయింది. ఆ రూ.200తో ఇప్పుడు ఎన్ని మాత్రలు వస్తాయో లెక్కేసిన తర్వాత, మందుల ఖర్చు చిన్నదని చెప్పగలిగేవాళ్లు ఎవరో చెప్పమనండి.

చిన్న ఖర్చును వదిలేస్తే అది పెద్ద ఖర్చై ప్రభుత్వం దగ్గరికే తిరిగొస్తుంది. మానేసిన బీపీ బిళ్ల పక్షవాతంగా వస్తుంది. అదుపు తప్పిన షుగర్ మూత్రపిండాలను తింటుంది, కాలికి పుండై కాలే తీసేయాల్సి వస్తుంది. అప్పుడు కార్డు పనిచేస్తుంది. డయాలసిస్‌కు ప్యాకేజీ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు రూ.10,000, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు రూ.15,000 పింఛను ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే, అందులో ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు. నేనడిగేది వేరు. ఆ మనిషి మంచాన పడకముందు, మూత్రపిండాలు పాడవకముందు, ఇందులో పదో వంతు పెట్టి మాత్రలు క్రమం తప్పకుండా చేతిలో పెట్టి ఉంటే? ఇల్లు కూలాక కట్టించి ఇస్తాం గానీ, కారుతున్నప్పుడు పగిలిన పెంకు మార్చం అన్నట్టుంది ఇప్పటి పద్ధతి.

జాతీయ ఆరోగ్య ఖాతాల అంకెలను ఈ సందర్భంలో తరచూ చూపిస్తారు. దేశంలో మొత్తం వైద్య వ్యయంలో జనం సొంత జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది, కాబట్టి అంతా సర్దుకుంటోంది అని. తగ్గడం మంచిదే. కానీ అది అన్ని వయసుల, అన్ని రకాల ఖర్చుల సగటు. పైగా అది వాటా. మొత్తం ఖర్చు పెరుగుతున్నప్పుడు వాటా తగ్గినా ఒక ఇంటి బిల్లు తగ్గకపోవచ్చు. పాతికేళ్ల కుర్రాడినీ డెబ్బై అయిదేళ్ల అవ్వనూ ఒకే సగటులో కలిపి చూపిస్తే, అవ్వ కట్టే బిల్లు అందులో కనిపించదు.

ఇక రెండో జవాబు: జన ఔషధి షాపులు ఉన్నాయిగా, జనరిక్ మందులు వాడుకోవచ్చుగా. ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అవగాహన లేదన్న నెపమంతా ఈ చోటే పెద్దవాళ్ల మీద పడుతోంది. 2008లో మొదలైన జన ఔషధి పథకం కింద ఇప్పుడు దేశంలో 15 వేలకు పైగా కేంద్రాలున్నాయి. బ్రాండ్ మందు ధరలో సగానికీ, ఇంకా తక్కువకూ అక్కడ మందులు దొరుకుతాయి. దగ్గర్లో ఉంటే తప్పకుండా వెళ్లండి. అయితే ఆ కేంద్రానికి వెళ్లిన పెద్దాయన చేతిలో ఉండే చీటీ మీద డాక్టర్ రాసింది బ్రాండ్ పేరు. ఆ బ్రాండ్‌లో ఉన్న మందేమిటో ఆయనకు తెలియదు. షాపువాడికి తెలిసినా, షెడ్యూల్ హెచ్ మందుల విషయంలో డాక్టర్ రాసిన దాని బదులు వేరేది ఇవ్వడానికి మన ఔషధ నిబంధనలు ఒప్పుకోవు. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ డాక్టర్లంతా జనరిక్ పేర్లే రాయాలని నిబంధన తెచ్చింది, వ్యతిరేకత రావడంతో అదే నెలలో దాన్ని పక్కన పెట్టేసింది. రాసే డాక్టర్‌ను కదిలించలేని ప్రభుత్వం, మింగే ముసలాయనకు అవగాహన పెరగాలంటోంది. ఇది న్యాయం కాదు.

మామూలు మెడికల్ షాపులో జనరిక్ అడిగితే మరో చిక్కు. చాలా జనరిక్ స్ట్రిప్పుల మీద ముద్రించిన ధర బ్రాండ్ మందు ధరకు దగ్గర్లోనే ఉంటుంది. షాపుకు అది చాలా తక్కువకు పడుతుంది. ఎంత తగ్గిస్తాడన్నది అతని దయ. బేరమాడే ఓపిక ఉన్నవాళ్లకు ఒక ధర, లేనివాళ్లకు ఇంకో ధర. ఓపిక తక్కువగా ఉండేది ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

ధరల నియంత్రణ ఉంది కదా అంటారా? ఉంది. 2022 నాటి అత్యవసర మందుల జాబితాలో 384 మందులున్నాయి. వాటికి గరిష్ఠ ధరను జాతీయ ఔషధ ధరల సంస్థ నిర్ణయిస్తుంది. ఆ గరిష్ఠ ధర తయారీ ఖర్చును బట్టి కాదు, మార్కెట్లో ఉన్న బ్రాండ్ల సగటు ధరను బట్టి. టోకు ధరల సూచీ పెరిగితే అదీ పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో 10.77 శాతం, మరుసటి ఏడాది 12.12 శాతం పెరిగింది. జాబితాలో లేని మందులకు కంపెనీలు ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు. బీపీకి రెండు మందులు, షుగర్‌కు మూడు మందులు ఒకే మాత్రలో కలిపి ఇచ్చే కాంబినేషన్లు పెద్దవాళ్ల చీటీల్లో ఎక్కువ, అవి చాలావరకు ఆ జాబితా బయటే ఉంటాయి. 2024 అక్టోబరులో ఎనిమిది పాత మందుల గరిష్ఠ ధరలను ఒకేసారి 50 శాతం పెంచారు. వాటిలో నీటికాసులకు వాడే పైలోకార్పిన్ చుక్కలు, ఆయాసానికి వాడే సాల్‌బుటమాల్ ఉన్నాయి. గిట్టుబాటు కాక కంపెనీలు తయారీ ఆపేస్తాయేమోనన్నది కారణం. కారణం నిజమే అయినా ఆ భారం ఎవరి మీద పడిందో చూడండి. ప్రభుత్వం తలచుకుంటే ధరలు దించలేదని కాదు. 2017 ఫిబ్రవరిలో ఒక్క ఉత్తర్వుతో మందు పూత ఉన్న స్టెంట్ గరిష్ఠ ధరను రూ.30 వేల లోపుకు తెచ్చింది. స్టెంట్ విషయంలో చూపిన పట్టుదల మాత్ర విషయంలో ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

ప్రైవేటు బీమా కొనుక్కోమనేవాళ్లకు క్లుప్తంగా చెప్తాను. 2024 ఏప్రిల్ నుంచి వయసు పరిమితి ఎత్తేశారు, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. మంచి మార్పులే. కానీ ముందు నుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు, డెబ్బై ఏళ్ల మనిషి ప్రీమియం చాలా కుటుంబాలకు అందదు, మామూలు పాలసీలు కూడా ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. తిరిగి అక్కడికే వచ్చాం.

పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తున్నారు కదా అన్నది నాకు నచ్చిన అభ్యంతరం, ఎందుకంటే పరిష్కారం అక్కడే ఉంది. ఇస్తున్నారు. ఏఎన్ఎంలు, ఆశాలు ఊళ్లలో బీపీ, షుగర్ చూస్తున్నారు, మాత్రలు ఇస్తున్నారు. 2008లో 104 వాహనాలు ఊరూరా నిర్ణీత తేదీకి వచ్చి నెలకు సరిపడా బీపీ, షుగర్ బిళ్లలు ఇచ్చిన రోజులు పల్లెల్లో చాలామందికి గుర్తే. ఆ బండి వచ్చే తేదీని పండగ తేదీలా గుర్తుపెట్టుకునేవాళ్లు. లోపం ఎక్కడంటే, ఇది ఎవరికీ హక్కు కాదు. స్టాకుంటే ఇస్తారు, లేకపోతే వచ్చే వారం రమ్మంటారు. గుంటూరులోనో హైదరాబాద్‌లోనో డాక్టర్ రాసిన మందు ఇక్కడి జాబితాలో ఉండదు. ఇక్కడ ఉన్నది వేసుకోవచ్చో లేదో చెప్పేవాళ్లు ఉండరు. మాత్రలు అయిపోయి పది రోజులు దొరక్కపోయినా ఎక్కడా ఫిర్యాదు నమోదు కాదు. ఆస్పత్రిలో కార్డు తిరస్కరిస్తే అడగడానికి ఆరోగ్యమిత్ర ఉన్నాడు, హెల్ప్‌లైన్ ఉంది. మాత్ర లేదంటే అడగడానికి ఎవరున్నారు?

పైగా హక్కుగా ఇవ్వడం సాధ్యమేనని ప్రభుత్వమే తన సొంత మనుషుల విషయంలో చేసి చూపించింది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు సీజీహెచ్ఎస్ ఉంది. దీర్ఘకాలిక జబ్బులకు మూడు నెలల దాకా మందులు వెల్‌నెస్ సెంటర్‌లో ఇస్తారు. మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లు ఇస్తాయి. ఈఎస్ఐ డిస్పెన్సరీలూ ఇస్తాయి. ఐదేళ్లకు తక్కువ కాకుండా బీమాలో ఉండి రిటైరైన కార్మికుడు ఏడాదికి రూ.120 కడితే తనకూ భార్యకూ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది, ఫ్యాక్టరీల్లో పనిచేసి దిగిపోయిన చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పండి. ఈ పథకాలను రూపొందించిన అధికారులకు ముసలితనంలో మందులే ముఖ్యమని బాగా తెలుసు. అందుకే తమ పథకంలో మందులు పెట్టుకున్నారు. అదే ప్రభుత్వం రైతుకూలీకి, చేనేత కార్మికుడికి, ఇళ్లలో పనిచేసి వయసైపోయిన ఆడమనిషికి పథకం రాసేసరికి ఆస్పత్రి మంచం దగ్గర ఆగిపోయింది. ఈ తేడాను ఎవరూ సమర్థించలేరు.

డబ్బెక్కడిది అని అడుగుతారు. పక్కనే తమిళనాడు ఉంది. అక్కడి వైద్య సేవల సంస్థ 1995 నుంచి రాష్ట్రమంతటికీ మందులు టోకున కొంటోంది, నమూనాలు ల్యాబ్‌లో పరీక్షించాకే ఆస్పత్రులకు పంపుతోంది. ఆ పునాది మీద 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో మక్కళై తేడి మరుత్తువం అనే పథకం మొదలుపెట్టి, బీపీ, షుగర్ మాత్రలను ఇంటి దగ్గరికే తీసుకెళ్తున్నారు. 2024లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2 నుంచే ప్రభుత్వాస్పత్రుల్లో ఉచిత మందుల పథకం నడుపుతోంది. ఇవేవీ మనకంటే అపారమైన సంపద ఉన్న రాష్ట్రాలు కావు. మన దగ్గర మాత్రం బీమా మీదే దృష్టంతా. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రూ.2.5 లక్షల దాకా బీమా కంపెనీల ద్వారా, ఆ పైన రూ.25 లక్షల దాకా ట్రస్టు ద్వారా వైద్యం అనే విధానానికి ఆమోదం తెలిపింది. అదే ఏడాది రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు చెల్లించడం లేదంటూ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేశాయి. పరిమితిని లక్షల్లో పెంచుకుంటూ పోవడం ప్రకటనకు బాగుంటుంది. ఆ గరిష్ఠ పరిమితి దాకా వాడుకునేవాళ్లు కొద్దిమందే. మాత్ర ప్రతి ఇంట్లోనూ కావాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా 1వ తేదీ తెల్లవారుజాము నుంచే సచివాలయ సిబ్బంది గడప దగ్గరికి వచ్చి పింఛను చేతిలో పెడుతున్నారు. ఏ వీధిలో ఏ పెద్దమనిషి ఉన్నారో, ఎవరు మంచం మీద ఉన్నారో ఆ సిబ్బందికి తెలుసు. ఏఎన్ఎం దగ్గర బీపీ, షుగర్ రికార్డు ఉంది. ఈ రెండింటినీ కలిపి, పీహెచ్‌సీ డాక్టర్ జనరిక్ పేర్లతో రాసిన నెల మందుల పొట్లం అదే రోజున అందించవచ్చు. తెలంగాణలో పల్లె దవాఖానాలు, బస్తీ దవాఖానాలు ఉన్నాయి, ఆశాలు ఉన్నారు. పాతిక ముప్పై రకాల మందులతో మొదలుపెడితే పెద్దవాళ్ల చీటీల్లో ఎక్కువ భాగం తీరిపోతుంది. జాబితాలో లేని మందుకు జన ఔషధి ధర లెక్కన డబ్బు కట్టే నిబంధన పెట్టవచ్చు. కేంద్రం వైపు నుంచి కావాల్సింది ఇంకా తేలిక: వయ వందన కార్డు నిబంధనల్లో డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు అన్న చోట, దీర్ఘకాలిక జబ్బులకు డాక్టర్ రాసినన్నాళ్లు అని మార్చాలి, ఆస్పత్రిలో చేరినా చేరకపోయినా అది వర్తించాలి. ఆయుష్మాన్ ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40గా పంచుకుంటున్నాయి. మందుల ఖర్చునూ అలాగే పంచుకోవచ్చు. ఈసారి మీ ఊరికి కార్డుల నమోదు శిబిరం వస్తే, కార్డు తీసుకున్నాక అక్కడున్న అధికారి ముందు ఇంట్లో పెద్దవాళ్ల మందుల చీటీ పెట్టి, ఇందులో ఈ కార్డుతో ఏది వస్తుందో ఒక్కొక్కటే గుర్తు పెట్టి ఇమ్మని అడగండి.